పసుపుత్రాటి లోని తెలుపు

మన యిండ్లలో పెండ్లిపనులు మొదలైనపుడు ముత్తైదువలు తెల్లని నూలుపోగులను కలిపి పేని, తడిపిన పసుపుముద్దను వానిపై నాలుగైదు మారులు దూసి, నీడపట్టున ఆరవేయుదురు. ఆరిన పిమ్మట ఆ త్రాడు మేలిమి బంగారువలె నుండును. మిగిలిపోయిన ముక్క నొకదానిని చేతికి తీసికొని, పురి విప్పి, పోగునకు పోగు విడదీసి చూచినచో, పోగును పోగు ఒరసికొనియున్న చోటులందు నూలు ఇంచుమించు కాయ పగిలిన నాటి తెలుపుతోనే యుండుట కనబడును. పసుపు మంచిది కాకపోవుటచేత నిట్లు జరిగినదనుకొనరాదు; దుగ్గిరాల యార్డునకు వచ్చు మేలురకపు కొమ్ములను నూరి పూసినను ఇంతియే. పసుపునకు నూలుపై గల మక్కువయే దీనికి కారణము.

మక్కువ యను మాటను నేను అలంకారమునకై వాడలేదు. పసుపులోని రంగుపదార్థమైన కర్కుమిన్ అణువు పొడవుగా, చదునుగా నుండును. ప్రత్తినారలోని సెల్యులోజు గొలుసులును పొడవైనవే. ఒకదానిపై నొకటి ఒరగి అతుకుకొనగలవు. కావున పటిక మొదలైన ద్రవ్యముల సాయము లేకయే పసుపు నూలును పట్టుకొనును. దీని ప్రక్కన గుంటూరు మిరపను నిలిపి చూడుడు. కల్లములలో ఎండబోసినపుడు నేల కనుచూపుమేర ఎఱ్ఱబారునంతటి రంగు గల కాయ అది; కాని దానిలోని రంగుపదార్థమైన కాప్సాంథిన్ నూనెలో కరగునే గాని నీట కరగదు, నూలుపై దానికి చెప్పుకొనదగిన మక్కువయు లేదు. ఆవకాయ నూనె చిందిన పంచెపై మరక పడుట నూనె మూలమున జరుగును. ఉత్త కారపు నీళ్లలో ముంచిన గుడ్డ ఉతికినంతనే వెలిసిపోవును. కాబట్టి నూలునకు రంగు వేయగోరువాడు మక్కువ గల రంగునే వెదకవలెను. అయితే ఆ మక్కువ యెంత గట్టిదైన, రంగు తనకు మొట్టమొదట తగిలిన పోగునే అంత గట్టిగా పట్టుకొని, వెనుకనున్న పోగునకు దక్కకుండ చేయును. అద్దకపువానికి కావలసిన గుణమే అతనికి పగయగుట యీ విద్యలోని మొదటి చిక్కు.

చీరాల, పేరాల, ఈపూరుపాలెము, వేటపాలెము, మంగళగిరి మున్నగు చోటుల మగ్గములపై నేయు చీరలలో ఒడలి కొక రంగు, అంచున కొక రంగు, కొంగున కొక రంగు ఉండవలసి వచ్చుటచేత, నేసిన బట్టకు గాక, నేయుటకు ముందు నూలునకే రంగు వేయుదురు. ఈ నూలు చిలపలుగా, అనగా వదులైన చుట్లుగా కట్టిన కట్టలుగా వచ్చును. బట్టకు రంగు వేసినచో ఒకచోట చిక్కగా, మరియొకచోట పలుచగా పడిన దోషము అక్కడనే నిలిచి కనబడును. నూలునకు వేసినపుడట్లు గాదు. చిలపలోని దోషము కండెలోనికి చుట్టుకొనిపోయి, పేకగా నడచి, చీర మధ్య ఎక్కడనో అడ్డపట్టీయై తేలును. ఒక కండె అయిపోయి రెండవ కండె నాడెలో పెట్టిన చోట గీత గీసినట్లు రంగు మారిన చీరను కొనువారు తిప్పియిచ్చి పోవుదురు; పది దినముల నేత వ్యర్థమగును. ఆ మార్పు నిజమునకు మిక్కిలి స్వల్పమైనదే. ఒక కొననుండి మరియొక కొనకు మెల్లమెల్లగా అంతకు రెట్టింపు మార్పు జరిగియున్నను మన కన్ను గుర్తింపదు. కన్ను నెమ్మదైన వాలును క్షమించును గాని, గట్టును క్షమింపదు. రెండు ఛాయలు ఒకదాని కొకటి తగిలి నిలిచిన అంచునే అది వెదకి పట్టుకొనును. అందుచేతనే అనుభవము గల నేతగాడు రెండు వాయిలలో రంగు వేసిన నూలు కొద్దిగా తేడాగా నున్నపుడు, ఒక నాడెలో ఒక వాయి, మరియొక నాడెలో మరియొక వాయి పెట్టి, ఒకదాని తరువాత నొకటి విసరి, గట్టును చెరిపివేయును.

అయితే రంగు అసమముగా పట్టుటకు బీజములు తొట్టిని చేరకముందే పడియుండును. మిరపపండ్లను కల్లములో ఏరునపుడు రంగు చెడి తెల్లబారిన తాలుకాయలను వేరుచేయుట మన రైతుల కందరికి తెలిసిన పనియే. ప్రత్తిలోను అట్టి తాలు గలదు. పూర్తిగా పండని కాయలోని నార వెంట్రుకకు గోడ పలుచగా నుండును. ఎండినపుడు అది నాడాపట్టీవలె చప్పబడిపోవును. పండిన వెంట్రుకతో సమానముగా రంగు త్రాగినను దాని పలుచని గోడలో ఆ రంగు చాలనట్లే కనబడును. అట్టి వెంట్రుకలు ఉండలు కట్టి నూలులోనికి పోయినపుడు ముదురు నీలపు చీరపై తెల్లని నలుసులు రాలినట్లు తోచును. దీనికి తొట్టికడ మందు లేదు. పూర్వము మన సీమలలో పండిన దేశవాళి ప్రత్తికి మరియొక విశేషముండెడిది. కాకినాడ రేవు పేరిట వర్తకములో ప్రసిద్ధి కెక్కిన ఆ ప్రత్తి సహజముగానే ఇటుకపొడి ఛాయకు దగ్గరగ నుండెడిది. అట్టి నూలుపై లేత రంగు వేయగోరువాడు ముందుగా దానిని తెలుపు చేసికొనక తప్పదు. తెలుపు చేయుటలో హెచ్చుతగ్గు వచ్చినచో ఆ హెచ్చుతగ్గే రంగులోను కనబడును.

ఇక పచ్చి నూలు. ప్రత్తి వెంట్రుక పైపొరలో మైనమును, పెక్టిన్ అను జిగటపదార్థమును గలవు. తూకములో ఇవి స్వల్పమే గాని, తామరాకుపై నీరు నిలువనట్లు పచ్చి నూలుపై నీరు నిలువకుండుట వీనివలననే. ఈ మైనము ఒకచోట పోయి, ఒకచోట మిగిలినచో, పోయినచోట రంగు చొచ్చును, మిగిలినచోట చొరదు. అందుకే చిలపలను సోడాతో గాని, కాస్టిక్ సోడాతో గాని కొన్ని గంటలు ఉడికించి, మంచినీట జాడించి, ఆ మీదట పరీక్షించుదురు. పరీక్ష మిక్కిలి తేలిక. పొడి చిలపను నిశ్చలమైన నీటిపై విడిచి చూచుటయే. బాగుగా ఉడికినది క్షణములలో అంతయు ఒక్కమారుగా నీరు త్రాగి అడుగునకు పోవును. ఉడుకు చాలనిది ఒక భుజము మునిగి, ఒక భుజము తేలి, ఎటూ తేలక నిలుచును. ఆ తేలిన భుజమే రేపటి తెల్లని మచ్చ. పని తొందరలో పెక్కుమంది ఈ పరీక్షను విడిచిపెట్టుదురు. నా అభిప్రాయమున రంగులోని దోషములలో సగము ఇక్కడనే పుట్టును, నింద మాత్రము రంగుపొడిపై పడును.

చిలపకు వేసిన కట్టును గూర్చియు ఒక మాట. పోగులు చిక్కుపడకుండ చిలపను అక్కడక్కడ దారముతో కట్టుదురు. కట్టు బిగువైనచో దానిక్రింద రంగునీరు చొరక, పసుపుత్రాటి నడుమ నిలిచిన తెలుపే నిలుచును. కావున కట్టు వదులుగా, చిటికెనవ్రేలు దూరునంత జాగాతో, పోగులను రెండు మూడు పాయలుగా అల్లి వేయవలెను. ముందుగా తడిపి పిండిన చిలపనే రంగులో దింపవలెనన్న నియమమునకు కారణమును ఇట్టిదే. పొడి చిలప తొట్టిలోనికి దిగినచో మొదట త్రాగునది ఉత్త నీరు గాదు, మిక్కిలి చిక్కనైన రంగునీరు.

ఇప్పుడు తొట్టికడకు వత్తము. కిలో నూలునకు ఇరువది లీటర్ల నీరు చేతిపనిలో వాడుక. చిలపలు ఒత్తిడి లేక ఈదులాడవలెను గదా. నూటికి రెండు వంతుల ఛాయ కోరినచో కిలోకు 20 గ్రాముల రంగు. ఆ రంగును తిన్నగా తొట్టిలో చల్లరాదు. కొద్ది నీటితో ముద్దగా కలిపి, వేడినీరు పోసి కరగించి, గుడ్డలో వడియగట్టవలెను. కరగని రేణువొక్కటి మిగిలినను అది ఏ చిలపపై వ్రాలిన అక్కడ చుక్క పెట్టును. చిలపలను నున్నని కర్రలకు తగిలించి, పైభాగము క్రిందికి, క్రిందిభాగము పైకి వచ్చునట్లు త్రిప్పుచుందురు. ఇక్కడ చిన్న లెక్క చూడుడు. తొట్టిపై పది కర్రలున్నవి. ఒక్కొక్క కర్రను త్రిప్పుటకు అర నిమిషము పట్టును. మొదటి కర్రకడకు మరల వచ్చుసరికి అయిదు నిమిషములు. తొట్టిలోని రంగులో సగము ఆ అయిదు నిమిషములలోనే నూలులోనికి పోయినదనుకొనుడు. తొలుత తడిసినవానికి నిండు తొట్టి, కడపట త్రిప్పినవానికి సగము తొట్టి దక్కినవి. మనిషి చేయి ఇంకెంత వేగముగా త్రిప్పగలదు? చేతిని వేగిరపరచుట కంటె రంగును మందగింపజేయుటయే యుక్తమని యిందువలన తేలుచున్నది. సమముగా రంగు వేయు శాస్త్రమంతయు ఈ మందగింపును సాధించు ఉపాయముల శాస్త్రమే.

ఆ ఉపాయములలో ఉప్పు ముఖ్యమైనది. నీటిలో నానిన ప్రత్తినార పైభాగమున ఋణవిద్యుత్తు కొద్దిగా నుండును. నూలునకు వాడు తిన్నని రంగుల, అనగా పటిక సాయము లేక తిన్నగా నూలును పట్టు డైరెక్ట్ రంగుల, అణువులును నీట కరగినపుడు ఋణవిద్యుత్తు గలవియే. సజాతి విద్యుత్తులు ఒకదాని నొకటి త్రోసివేయును గావున, ఉప్పు లేని నీటిలో రంగు నార దరికి జంకుచు వచ్చును. ఉప్పు వేసినచో దానిలోని సోడియపు కణములు నార చుట్టును మూగి, ఆ విరోధమును కప్పివేయును. రంగు గుమిగూడి లోనికి వచ్చును. అందుచేత ఉప్పంతయు మొదటనే గ్రుమ్మరించినవాడు రంగునకు తలుపులన్నియు ఒక్కమారు తెరచినట్లు. మూడు నాలుగు దఫాలుగా, చిలపలను తొట్టినుండి పైకెత్తి, ఉప్పునీరు కలిపి, కలియబెట్టి, మరల దింపుట సరియైన పద్ధతి. చినగంజాము కొఠారుల ఉప్పు మనకు చేరువనే దొరకును గాని, శుద్ధి చేయని సముద్రపు ఉప్పులో మెగ్నీషియపు లవణములుండును. వానకాలమున ఉప్పు చెమర్చుట వానివలననే. అవి కొన్ని రంగులను విరిచి మడ్డిగా దింపును. తొట్టిలో మాత్రము శుద్ధియైన ఉప్పే వాడవలెను.

రెండవ ఉపాయము వేడి. వేడి పెరిగినకొలది రంగణువులు నార లోపలికి చురుకుగా చొచ్చును. కాని అదే వేడికి నారపై వాని పట్టు సడలును. చల్లని నీటిలో పట్టుకొనినచోటనే కదలక కూర్చుండు రంగు, మరుగునీటిలో పట్టినచోటును విడిచి, నీటిలోనికి వచ్చి, మరియొకచోట పట్టుకొనును. చిక్కగా నున్నచోటునుండి ఎక్కువ అణువులు వెడలును, పలుచగా నున్నచోటునుండి తక్కువ వెడలును. ఈ రాకపోకలు ముప్పాతిక గంటసేపు సాగినచో హెచ్చు తగ్గి, తగ్గు హెచ్చి, ఛాయ సమమగును. 1884లో కాంగో ఎఱుపుతో మొదలైన తిన్నని రంగులలో పెక్కింటికి ఈ గుణముండుటచేతనే అవి చేతిపనివారికి స్నేహితములైనవి. తప్పుగా పడిన చిలపను ఉప్పులేని మరుగునీటిలో మరల త్రిప్పినచో సగము తప్పు దిద్దుకొనును. అటులనే కడపట తొట్టిని పొయ్యిమీదనుండి దించి, చిలపలను అందులోనే నెమ్మదిగా చల్లారనిచ్చినచో, చల్లబడుకొలది నార పట్టు పెరిగి నీటిలో మిగిలిన రంగును గ్రహించును. కదలుటకు వేడి, నిలుచుటకు చల్లదనము.

ఈ కదలిక యేమాత్రము లేని రంగులతోనే కష్టము. రాటీ, స్టీఫెన్ అను ఇద్దరు బ్రిటిష్ రసాయనికులు 1954లో కనుగొనగా 1956లో అంగడి కెక్కిన రియాక్టివ్ రంగులు నూలుతో సాక్షాత్తు రసాయనబంధమునే చేసికొనును. ఉతికినను పోకుండుట వాని గొప్ప. ఆ బంధమునకు క్షారము కావలెను. సోడా వేసినంతనే సెల్యులోజు రంగును కట్టివేయును, కట్టిన ముడి మరల విడదు. కాబట్టి సోడా వేయుటకు ముందే ఛాయ సమముగా పరచుకొనియుండవలెను. తరువాత ఎంత ఉడికించినను లాభములేదు. సమమగుట ముందు, స్థిరమగుట వెనుక అను క్రమము తలక్రిందులైనచో ఆ నూలునకు ముదురు నలుపు వేయుట తప్ప గతి లేదు. 1901లో రెనే బోన్ కనుగొన్న ఇండాంత్రీన్ వర్గపు రంగులది మరియొక మార్గము. ఇవి నీట కరగవు. కాస్టిక్ సోడాతోడను, హైడ్రోసు అను రసాయనముతోడను కరగించినపుడు రంగు మారి, నూలుపై విపరీతమైన మక్కువ చూపును. గాలి తగిలినంతనే మరల కరగని స్థితికి వచ్చి నారలో చిక్కుకొనును. తొట్టి పై అంచున గాలికి తేలిన చిలపభాగము అక్కడనే బిగిసి మచ్చపడును. కావున వంచిన ఇనుపకడ్డీలపై చిలప అంతయు నీటిలోపలనే యుండునట్లు త్రిప్పవలెను.

నీటి సంగతి చెప్పక విడుచుటకు వీలులేదు. పల్నాటి భూమిక్రింద సున్నపురాయి పరచుకొనియున్నది. పిడుగురాళ్ల సున్నపుబట్టీలు ఆ రాతివే. అట్టి రాతిగుండా వచ్చిన బావినీటిలో కాల్షియము కరగియుండి, సబ్బును విరుచును, తిన్నని రంగులను మడ్డి చేయును, మడ్డి చిలపపై మచ్చయగును. మెత్తని నీటికై అద్దకపువారు పడు ఆరాటమునకు కారణమిది. కాని ఇదే సున్నము ఒకానొక ఎఱుపునకు ప్రాణము. మన తీరపు ఇసుకనేలలలో చిరివేరు అను చిన్న మొక్క మొలచును. దాని వేరులోని అలిజరిన్ అను రంగుపదార్థము పటికలోని అల్యూమినియముతోను, సున్నములోని కాల్షియముతోను కూడినపుడే మండు ఎఱుపగును. సముద్రపు గుల్లల పొడి కలసిన నేలలో పెరిగిన చిరివేరు మేలైనదన్న ప్రసిద్ధికి అర్థమిందు గలదు. 1606లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు నిజాంపట్టణమున దిగి కొఠీలు పెట్టినపుడు వారిని రప్పించినవానిలో ఈ తీరపు అద్దకపు బట్టలు ముఖ్యములు. ఐరోపాలో హౌస్‌మన్ అను అద్దకపు రసాయనికుడు రూవా నగరమున చక్కగా వచ్చిన ఎఱుపు కోల్మారునకు పోయినపుడు రాకపోగా, అక్కడి నీటిలో సుద్ద లేకపోవుటయే కారణమని గ్రహించి, సుద్ద కలిపి ఎఱుపును తెచ్చుకొనెను. ఇది 18వ శతాబ్దపు మాట. నీరు మంచిదా చెడ్డదా యని యడుగుట కాక, ఏ రంగునకు మంచిదని యడుగవలెను.

ఆరవేయుటలోను పని చెడును. బాగుగా జాడించి, పిండక, నీరు కారుచున్న చిలపను రోహిణికార్తె యెండలో దండెమున వ్రేలాడదీసినచో, నీరు క్రిందికి జారుచు, పట్టుకొనని రంగును వెంటగొనిపోవును. గాలి సోకు అడుగుకొన త్వరగా ఎండి ఆ రంగును అక్కడనే విడిచి పెట్టును. ఒంగోలు వడగాలిలో ఒక గంటలో చిలప క్రిందికొన నల్లబడుట చూడవచ్చును. గట్టిగా పిండి, దులిపి, నీడలో వేసి, నడుమ నడుమ కర్రపై జరుపుచుండుటే దీనికి మందు.

ఇంతవరకు తప్పుగా నెంచిన తెలుపును కోరి తెచ్చుకొన్న విద్యయు చీరాలలోనే వర్ధిల్లినది. తేలియా రుమాలు నేయువారు ఆముదపుకాయల బూడిదనీటిలో నూనె కలిపి, దానితో నూలును దాదాపు మూడు వారములు నిత్యము తడిపి, పిసికి, ఎండబెట్టుదురు. బూడిదలోని క్షారము నూనెను నీటిలో సన్నని తుంపరగా విడగొట్టును. నార లోతులకు దిగిన ఆ నూనె ఎండకు మారి, పిమ్మట వచ్చు పటికను పట్టియుంచును. ఇక్కడ ఆ పటికపై పట్టు ఎఱుపు ఎంత సమమన్నది నూనె, పటిక ఎంత సమముగా చేరెనన్నదానిపై నిలుచును. అందుకే అన్ని దినముల పిసుకుడు. ఆ పిమ్మట, ఏ బిగికట్టునకు అద్దకపువాడు భయపడెనో ఆ కట్టునే పడుగునకు పేకకు లెక్కప్రకారము వేసి, కట్టుక్రింద తెలుపు నిలుపుదురు. చీరాలనుండి అరబ్బు దేశములకు, బర్మాకు పోయిన ఈ రుమాళ్ల నేత నేడు తెలంగాణమున పుట్టపాకలో నిలిచియున్నది.

అట్టి రుమాలు నొకదానిని వెలుగునకెత్తి తెలుపును ఎఱుపును కలియుచోటును చూడుడు. కత్తితో కోసినట్టి అంచు అక్కడ కనబడదు. కట్టు అంచుక్రింద రంగునీరు పోగుల సందులగుండ వెంట్రుకవాసి ప్రాకి, కొన్ని పోగులలో ముందుగా, కొన్నింటిలో వెనుకగా ఆగిన గుర్తులు, ఈకల కొసలవలె, నిలిచియుండును.